అమెరికాలో యుద్ధం, కుందేటి గట్టున పత్తి

కర్నూలు పట్నంలో ఒక వింత ఉన్నది. అక్కడ నీటి మీదుగా నీరు పోతుంది. కింద హంద్రి నది. దానికి అడ్డంగా వంతెనలాంటి కట్టడం. ఆ వంతెన మీద నడిచేది బండ్లూ మనుషులూ కాదు, ఒక కాలువ!

అదే కర్నూలు-కడప కాలువ. కె.సి. కెనాల్ అంటే ఆ సీమలో తెలియనివారు ఉండరు. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, ఆ నీటిని నంద్యాల ప్రాంతం మీదుగా కడప దాకా తీసుకుపోయారు. దీని పొడవు 190 మైళ్ళు, అంటే సుమారు 305 కిలోమీటర్లు.

ఈ కాలువను ముమ్మరంగా తవ్వుతున్న రోజుల్లోనే, ఇక్కడికి సుమారు 9 వేల మైళ్ళ దూరాన, అమెరికాలో అన్నదమ్ముల వంటివారు ఒకరినొకరు చంపుకుంటున్నారు. ఆ యుద్ధానికీ, కుందేటి గట్టున ఉన్న పత్తి చేలకూ సంబంధం ఉన్నదంటే మీరు నమ్ముతారా? ఉన్నది. అది ఎలాంటి సంబంధమో ఇప్పుడు తెలుసుకుందాం.

నల్లరేగడి

కర్నూలు, కడప సీమల్లో వానలు తక్కువ. పడమట ఎర్రమల కొండలు, తూర్పున నల్లమల కొండలు, వాటి మధ్య కుందేరు. దీన్ని కుందూ అని కూడా అంటారు. ఇది నంద్యాల పక్కగా దక్షిణానికి పారి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఈ లోయ పొడవునా ఎక్కువ భాగం నల్లరేగడి నేల. ఎండాకాలంలో ఈ నేల నెర్రెలు విచ్చుతుంది. వాన పడితే జిగటగా నాగలికి అంటుకుని ఎద్దులను ఏడిపిస్తుంది. కాని దీనిలో ఒక గొప్ప గుణం ఉన్నది. ఒకసారి బాగా తడిస్తే చాలాకాలం తేమను దాచుకుంటుంది. అందుచేత వానలు వెనకబడినా జొన్న, కొర్ర, పత్తి లాంటి పైర్లు పండుతాయి.

కడప 1800లోనూ, కర్నూలు నవాబు రాజ్యం 1839లోనూ ఇంగ్లీషు కుంపిణీ ఏలుబడిలోకి వచ్చాయి. సర్కారుకు రైతు శిస్తు కట్టాలి. అది డబ్బు రూపంలోనే కట్టాలి. జొన్నలు కొలుస్తానంటే కుదరదు.

అందుకని ఆ కాలపు రైతు ఒక ఉపాయం చేసేవాడు. ఒకే చేలో కొర్ర, పత్తి కలిపి విత్తేవాడు. కొర్ర ముందుగా కోతకు వచ్చి ఇంట్లోకి తిండి అయేది. పత్తి తరవాత విచ్చి, అమ్మితే శిస్తు డబ్బు అయేది. ఒకటి దెబ్బతిన్నా రెండోది దక్కేది.

జొన్న బాగా పండిన ఏడు మిగిలిన జొన్నలను పాతర వేసేవారు. పాతర అంటే భూమిలో తవ్విన గొయ్యి. అడుగునా చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టితో గాలి పోకుండా మూసేసేవారు. పాతరలో జొన్నలు ఏళ్ళ తరబడి నిలవ ఉండేవి. బ్యాంకులు లేని రోజుల్లో పాతరే రైతు బ్యాంకి. వానలు తప్పిన ఏడు దాని మూత తీసేవాడు.

ఈ పాతర సంగతి మీరు జ్ఞాపకం ఉంచుకోండి. మళ్ళీ దీనితో పని ఉంటుంది.

పత్తి తెచ్చిన పాపం

ఇక అమెరికా సంగతి.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో దక్షిణ భాగం పత్తికి అనువైన చోటు. అయితే పత్తి తీయటం ఒక ఎత్తూ, దానిలో గింజలు వేరు చేయటం ఒక ఎత్తూ. అక్కడి పత్తికి గింజ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఒక మనిషి రోజల్లా కూర్చుని చేత్తో తీస్తే ఒక పౌను దూది వచ్చేది. 1793లో ఎలీ విట్నీ అనే ఆయన గింజలు తీసే జిన్ను యంత్రాన్ని తయారు చేశాడు. దానితో రోజుకు 50 పౌనుల దూది తీయవచ్చు.

యంత్రం వస్తే కూలీల కష్టం తగ్గాలి గదా? అక్కడ అంతా తలకిందులయింది. గింజ తీయటం సులువు కాగానే భూస్వాములు ఇంకా ఇంకా పొలాల్లో పత్తి వేశారు. విత్తటానికీ, కలుపు తీయటానికీ, పత్తి ఏరటానికీ మనుషులు కావలసివచ్చారు. ఆ మనుషులు కూలీలు కారు, బానిసలు. వాళ్ళ తాతముత్తాతలను ఆఫ్రికా నుంచి ఓడల్లో కట్టి తెచ్చి అమ్మారు. 1860 నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది నల్లజాతి బానిసలు ఉండేవారు. పశువుల సంతలో ఎద్దులను అమ్మినట్టు వాళ్ళను వేలం వేసేవారు. తల్లిని ఒకరూ, బిడ్డను మరొకరూ కొనుక్కుపోయేవారు. చాలా దక్షిణ రాష్ట్రాల్లో బానిసకు చదువు చెప్పటం నేరం.

ఈ బానిసలు పండించిన పత్తి ఎక్కడికి పోయేది? చాలా భాగం ఇంగ్లండుకు. అక్కడ లాంకషైర్ అనే సీమలో, మాంచెస్టర్ పట్నం చుట్టుపక్కల, వందల కొద్దీ నూలు మిల్లులూ, బట్టల మిల్లులూ ఉండేవి. అవి వాడే పత్తిలో నూటికి 75 వంతులకు పైగా అమెరికా నుంచే వచ్చేది. ఆ మిల్లుల్లో నేసిన బట్ట తిరిగి మన దేశానికి వచ్చి, మన నేతగాళ్ళ మగ్గాలను మూలపడేసేది.

1860 నవంబరులో అబ్రహాం లింకన్ అమెరికా అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకటానికి వీల్లేదన్నది ఆయన పక్షం. దానితో దక్షిణ రాష్ట్రాలు ఒకటి తరవాత ఒకటి విడిపోయినాయి. మొత్తం 11 రాష్ట్రాలు వేరే ప్రభుత్వం పెట్టుకున్నాయి. 1861 ఏప్రిల్ 12న దక్షిణాది వాళ్ళు చార్లెస్టన్ రేవులోని సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చారు. యుద్ధం ఆరంభమయింది.

దక్షిణాది నాయకులకు పత్తి మీద గొప్ప నమ్మకం. తాము పత్తి ఆపితే ఇంగ్లండు మిల్లులు ఆగిపోతాయి, అప్పుడు ఇంగ్లండు తమ పక్షాన యుద్ధంలోకి దిగక తప్పదు అనుకున్నారు. వాళ్ళంతట వాళ్ళే కొంత పత్తిని ఎగుమతి చేయకుండా బిగబట్టారు. ఇంకోపక్క లింకన్ దక్షిణ రేవులన్నిటికీ యుద్ధ ఓడలను కాపలా పెట్టాడు. రెండు వైపులా తలుపులు మూసుకున్నాయి. పత్తి బేళ్ళు రేవుల్లోనే పడి ఉన్నాయి.

పస్తులున్నా మాట తప్పని కూలీలు

1862 వచ్చేసరికి లాంకషైర్‌లో మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. పొగగొట్టాల్లో పొగ లేదు, కూలీల పొయ్యిలలో నిప్పు లేదు. ఆ ఏడు చివరకు దాదాపు 5 లక్షల మంది ధర్మంగా ఇచ్చే సహాయం మీద బతకవలసివచ్చింది. ఈ కాలాన్ని చరిత్రలో పత్తి కరువు అంటారు.

దక్షిణాది నాయకులు ఆశించినట్టు ఆ కూలీలు, “మా కడుపు ముఖ్యం, బానిసల గొడవ మాకెందుకు?” అని ఉండవచ్చు. అలా అన్నవాళ్ళూ లేకపోలేదు. కాని 1862 డిసెంబరు 31న మాంచెస్టర్‌లో కూలీలు పెద్ద సభ చేసి, బానిసత్వం పోవాలని లింకన్‌కు జాబు రాశారు. ఆ మరునాడే, 1863 జనవరి 1న, తిరగబడిన రాష్ట్రాల్లోని బానిసలందరూ ఇక స్వతంత్రులని లింకన్ ప్రకటన చేశాడు. కూలీల జాబు చూసి ఆయన ఎంతో కదిలిపోయి, జనవరి 19న జవాబు రాశాడు. అమెరికన్లు ‘జార్జి గ్రిస్వాల్డ్’ అనే ఓడ నిండా తిండి సామాను నింపి ఆ కూలీల కోసం పంపించారు. ఇప్పటికీ మాంచెస్టర్‌లో లింకన్ విగ్రహం ఉన్నది.

కూలీలు పస్తులున్నారు. కాని మిల్లు యజమానులు చేతులు కట్టుకు కూర్చుంటారా? పత్తి ఇంకెక్కడ దొరుకుతుందా అని ప్రపంచపటం పరిచి చూశారు. ఈజిప్టు, బ్రెజిల్, తరవాత మన దేశం! అందరి చూపూ ఇటు తిరిగింది.

పత్తికి రెక్కలు

మన పత్తి అంటే ఇంగ్లండు మిల్లుల వాళ్ళకు అంతకు ముందు చిన్నచూపు. మన పత్తి పోగు పొట్టి. యంత్రాల మీద తెగిపోయేది. మన దేశంలో ఏ మూల పండినా దాన్ని వాళ్ళు ‘సూరత్ పత్తి’ అనేవాళ్ళు. 1840లోనే కుంపిణీ వారు అమెరికా నుంచి 10 మంది ప్లాంటర్లను పిలిపించి, ఇక్కడ అమెరికా పత్తి పండించి చూడమన్నారు. ఆ ప్రయత్నం ఆశించినట్టు సాగలేదు.

ఇప్పుడు చిన్నచూపు పోయింది. పొట్టిదయినా, మట్టిదయినా ఏదో ఒక పత్తి కావాలి! 1860లో లివర్‌పూల్ రేవులో మంచి అమెరికా పత్తి పౌను ఏడెనిమిది పెన్నీలు ఉండేది. 1864లో అది 30 పెన్నీల దాకా పోయింది. దానితోపాటు మన పత్తి ధర కూడా రెక్కలు కట్టుకుని ఎగిరింది. బొంబాయిలో వర్తకులు రాత్రికి రాత్రి లక్షాధికారులైనారు. బరువు పెరగటానికి కొందరు పత్తిలో గింజలూ మట్టీ కలిపి, నీళ్ళు చల్లి అమ్మసాగారు. ఈ మోసాలు ఆపటానికి 1863లో బొంబాయిలో ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చింది.

ఈ వేడి నల్లరేగడి నేలలన్నిటికీ తగిలింది. కుందేటి గట్టున ఉన్న ఒక రైతును ఊహించుకోండి. పత్తి కొనే షావుకారు లోగడ కబురు మీద కబురు పెడితే గాని వచ్చేవాడు కాదు. ఇప్పుడు పైరు చేలో ఉండగానే వచ్చి బయానా ఇస్తానంటున్నాడు. ధర పోయినేటికి రెట్టింపు. ఎందుకు పెరిగిందో రైతుకు తెలియదు. చార్లెస్టన్ ఎక్కడ ఉన్నదో, లింకన్ ఎవరో అతను వినలేదు. అతనికి తెలిసిందల్లా పాత అప్పు తీరుతున్నదనీ, భార్య మెడలోకి బంగారం వస్తున్నదనీ. దక్కనులో కొందరు రైతులు బండిచక్రాలకు వెండి పట్టాలు వేయించుకున్నారని కూడా ఆ రోజుల్లో చెప్పుకునేవారు.

అలాంటప్పుడు రైతు ఏం చేస్తాడు? “ఈ ఏడు ఆ జొన్న చేలో కూడా పత్తి వేద్దాం. డబ్బుంటే జొన్నలు కొనుక్కోలేమా?” అనుకుంటాడు. అందులో తప్పేమీ లేదు. మీరూ నేనూ అయినా అలాగే అనుకుంటాం.

అయితే ఒకే ధర అందరికీ వరం కాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు లాంటి చోట్ల మగ్గం నేసుకు బతికే వాళ్ళ గతి ఏమిటి? పత్తి ప్రియమైతే నూలు ప్రియమయింది. నూలు కొని నేసి అమ్మితే కూలి గిట్టదు. ఇంగ్లండులో మిల్లు కూలీ, ఇక్కడ మగ్గం నేతగాడు, ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరూ ఒకే యుద్ధం మూలంగా పస్తులున్నారు.

పడవల కోసం తవ్విన కాలువ

ఆ రోజుల్లో కుందేటి లోయ నుంచి మద్రాసుకు పత్తి చేరటం మాటలు కాదు. ఎద్దుబండ్ల మీద వారాల తరబడి ప్రయాణం. దారిలో వాన వస్తే బండ్లు రేగడిలో దిగబడేవి. బండి నడవని దారుల్లో ఎద్దుల వీపుల మీద వెయ్యవలసిందే. మద్రాసులో ఓడకెక్కిన పత్తి ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి, నెలల తరబడి ప్రయాణం చేస్తే గాని ఇంగ్లండు చేరదు. సూయజ్ కాలువ 1869 దాకా తెరవలేదు.

గోదావరికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర పేరు మీరు వినే ఉంటారు. ఆయనకు ఒక పెద్ద కల ఉండేది. తుంగభద్ర నీటిని కర్నూలు, కడపల మీదుగా నెల్లూరు సీమలోని కృష్ణపట్నం రేవు దాకా తీసుకుపోవాలి. ఆ కాలువ చేలకు నీరూ ఇవ్వాలి, పత్తినీ ధాన్యాన్నీ పడవల మీద సముద్రానికీ చేర్చాలి. ఈ పనికోసం లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. అది 1858 నాటి మాట, అంటే అమెరికా యుద్ధానికి ముందే. కాని మన పత్తి కోసం ఇంగ్లండు అల్లాడుతున్న రోజుల్లో, 1863లో, సర్కారుకూ కంపెనీకీ మధ్య కొత్త ఒప్పందం కుదిరింది. పని ఊపు అందుకున్నది.

వేలాది మంది గడ్డపారలతో, తట్టలతో తవ్విన కాలువ ఇది. తుంగభద్ర నీరు కృష్ణలో కలవవలసిన నీరు. దాన్ని పెన్న వైపు తిప్పాలంటే మధ్యలో మిట్ట అడ్డం వస్తుంది. మిట్టకందాల దగ్గర ఆ మిట్టను లోతుగా కోసి నీటికి దారి చేశారు. హంద్రిలాంటి ఏరు అడ్డం వస్తే దాని మీదుగా దాటించారు. ఎత్తుపల్లాల్లో పడవలు దిగటానికి లాకులు కట్టారు.

డబ్బు మాత్రం నీళ్ళలా ఖర్చయింది. 10 లక్షల పౌనుల మూలధనం చాలక, కంపెనీ సర్కారు దగ్గర అప్పు చేసింది. నెల్లూరు దాకా పోవలసిన కాలువ కడప దగ్గరే ఆగిపోయింది. అదయినా పూర్తి అయేసరికి 1870 దాటింది.

అప్పటికి అమెరికాలో యుద్ధం ముగిసి చాలా కాలమయింది!

తుపాకులు ఆగిన రోజు

1863 జులైలో గెటిస్‌బర్గ్ దగ్గర మూడు రోజులు ఘోరయుద్ధం జరిగింది. రెండు వైపులా చచ్చినవాళ్ళూ, గాయపడ్డవాళ్ళూ, జాడ తెలియనివాళ్ళూ కలిపి 50 వేల పైచిలుకు. దక్షిణాది సేనాని లీ వెనుదిరిగాడు. ఆ మరునాడే, జులై 4న, మిసిసిపి నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ కూడా ఉత్తరాది వశమయింది. యుద్ధం అక్కడ మలుపు తిరిగింది. బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చినవాళ్ళతో సహా సుమారు 1 లక్షా 80 వేల మంది నల్లజాతి వారు లింకన్ సైన్యంలో చేరి పోరాడారు. 1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయాడు. ఏప్రిల్ 14న ఒక నాటకశాలలో లింకన్‌ను ఒక దుర్మార్గుడు కాల్చాడు. మరునాడు ఉదయం ఆయన చనిపోయాడు. ఆ ఏడు డిసెంబరులో అమెరికా రాజ్యాంగాన్ని సవరించి బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేశారు. ఇందుకు ఆ దేశం చెల్లించిన మూల్యం 6 లక్షలకు పైగా ప్రాణాలు.

యుద్ధం ముగియటం మంచి వార్తే గదా! 40 లక్షల మంది మెడలు కాడి నుంచి బయటపడటం ప్రపంచానికే పండగ. కాని ఆ వార్త వల్ల బొంబాయి వర్తకులకు గుండె ఆగినంత పనయింది. అమెరికా పత్తి మళ్ళీ వస్తుందనగానే మన పత్తి ధర దబ్బున పడిపోయింది. పత్తి డబ్బుతో పెట్టిన కంపెనీలు 1865లో పేకమేడల్లా కూలాయి. నిన్నటి లక్షాధికారులు దివాలా తీశారు.

వర్తకుడు దివాలా తీసి చేతులు దులుపుకోవచ్చు. రైతు అలా చేయలేడు. ధర బాగా ఉన్నప్పుడు షావుకారు ఉదారంగా అప్పు ఇచ్చాడు. ధర పడిపోయాక అప్పు మాత్రం పడిపోలేదు, వడ్డీతో పెరిగింది. శిస్తు సరేసరి. 1875లో పూనా, అహమద్‌నగర్ సీమల్లో రైతులు తిరగబడి, షావుకార్ల ఇళ్ళ మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు. ఆ తిరుగుబాటు విత్తనాలు పత్తి ధర ఎగిరిపడిన రోజుల్లోనే పడ్డాయి.

ధాత కరువు

1876లో ధాత నామ సంవత్సరం వచ్చింది. ఆ ఏడు నైరుతి వానలు మోసం చేశాయి. ఈశాన్య వానలూ మోసం చేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో చేలు మాడిపోయినాయి. పత్తి వల్లనే ఈ కరువు వచ్చిందని అనటం తప్పు. వాన లేక కరువు వచ్చింది. కాని కరువును తట్టుకునే శక్తి ఎవరికి ఉంటుంది? పాతరలో జొన్నలు ఉన్నవాడికీ, చేతిలో డబ్బు ఉన్నవాడికీ. అప్పుల్లో ఉన్నవాడి పాతర ఎప్పుడో ఖాళీ అయింది.

మద్రాసు నుంచి కడప, గుంతకల్లు, ఆదోనిల మీదుగా రాయచూరు దాకా 1871 నాటికే రైలు నడుస్తున్నది. రైళ్ళలో ధాన్యం వచ్చింది. కాని ధర సామాన్యులకు అందలేదు. ఎదురుగా బస్తాలు ఉండగా కొనలేక మనుషులు పడిపోయినారు. సర్కారు కరువు పనులు పెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. అది తిని పనిచేసేవాడు బతకడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొద్ది నెలలకు కూలి పెంచారు గాని, అప్పటికే ఎందరో పోయినారు.

ఈ కరువుకు ముందు జరిగిన 1871 జనాభా లెక్కలకూ, తరవాత 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గిపోయినారు. అంటే నలుగురున్న ఇంట్లో ఒకరు లేరన్నమాట. దేశంలో ఈ కరువుకూ, దాని వెంట వచ్చిన రోగాలకూ 50 లక్షలకు పైగా బలి అయినారని అంచనా.

అప్పుడు కె.సి. కాలువ ఏం చేసింది? అంతకు ముందు రేగడి రైతులు దాని నీటిని అంతగా వాడలేదు. నీటి పన్ను బరువు. పైగా జొన్నకూ పత్తికీ అలవాటైన నేలను చదును చేసి వరి మడిగా మార్చటం సులువు కాదు. కరువు రాగానే రైతులు కాలువ వైపు పరుగెత్తారు. నీరు అందిన చోట చేను బతికింది. చివరకు 1882లో సర్కారు ఆ కాలువను కంపెనీ దగ్గర కొనేసింది. పత్తి పడవలు సముద్రం దాకా పోతాయన్న కల నెరవేరలేదు. రైలు ముందు పడవ ఓడిపోయింది. కాని నీరు మిగిలింది. ఈనాడు ఆ కాలువ కింద సుమారు 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉన్నది. పాత కర్నూలు జిల్లా 2022లో రెండయి నంద్యాల జిల్లా ఏర్పడింది గనక, ఇప్పుడు కాలువ కర్నూలు, నంద్యాల, కడప మూడు జిల్లాల్లో పారుతున్నది.

కాలువ గట్టున నిలబడితే

అమెరికాలో ఒక భూస్వామి, “బానిసలు లేనిదే పత్తి పండదు” అనుకున్నాడు. అతను పొరబడ్డాడు. బానిసత్వం పోయినాక కూడా అక్కడ పత్తి పండింది. అయితే పాత బానిసలకు భూమి దక్కలేదు. చాలామంది పాలుకు చేసి మళ్ళీ అప్పుల్లో పడ్డారు. వాళ్ళకు నిజమైన సమానహక్కులు రావటానికి ఇంకో నూరేళ్ళు పోరాడవలసివచ్చింది. చూశారా, కుందేటి రైతూ, మిసిసిపి ఒడ్డున కొత్తగా స్వతంత్రుడైన రైతూ, ఇద్దరూ ఒకే పత్తి పండించారు, ఒకే విధంగా అప్పులపాలైనారు.

ఇవాళ ఆదోని మార్కెట్‌లో పత్తి అమ్మే రైతు జేబులో ఫోను ఉన్నది. ప్రపంచంలో ఏ మూల ధర ఎంతో అతనికి క్షణంలో తెలుస్తుంది. ఆనాటి రైతుకు ఆ వీలు లేదు. కాని ధర తన చేతిలో లేకపోవటం మాత్రం ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. అందుకే అనుభవం ఉన్న పెద్దలు ఇప్పటికీ, “చేనంతా ఒకే పైరు పెట్టవద్దు, ఇంటికి తిండిగింజలు ఉంచుకో” అంటారు. ఈ మాట వెనక ధాత కరువు నాటి ఖాళీ పాతరలు ఉన్నాయి.

మీరు ఎప్పుడైనా కర్నూలు వెళితే హంద్రి మీద పారే కాలువను చూసి రండి. మీ ఊరు రాయలసీమలో ఉంటే, జొన్నల పాతర ఎక్కడ ఉండేదో మీ అవ్వనూ తాతనూ అడగండి. కొందరు దాని చోటు కూడా చూపించగలరు. అది పూడిపోయి ఇప్పుడు మామూలు నేలలాగే ఉంటుంది. దాని మీద నిలబడి ఈ కథ వాళ్ళకు మీరు చెప్పండి.